429 కోట్ల దగ్గర ఫెర్మా తడబాటు

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క అంకె గురించి మాట్లాడతాను. అంకె అనకూడదు, సంఖ్య అనాలి. మా లెక్కల మాస్టారు వింటే చెవి మెలిపెట్టేవారు.

ఆ సంఖ్య 4,29,49,67,297. అంటే 2³² + 1.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే ఆయన ఉండేవాడు. వృత్తి న్యాయవ్యవహారాలు, సరదా లెక్కలు. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు కట్టి, ఒక్కోదానికి 1 కలిపాడు. వచ్చినవి 3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలా ఘాతాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని 1640లో ఉత్తరాల్లో రాశాడు. నిరూపణ మాత్రం దొరకలేదని ఒప్పుకున్నాడు కూడా. ఆ వరసలో ఆరోది మన సంఖ్య.

1729లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ సంగతేమిటని ఆయిలర్ అనే ఇంకో గణితవేత్తని కదిపాడు. 1732లో ఆయిలర్ తేల్చేశాడు: దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 67,00,417.

641 ఆయనకు ఎలా తట్టింది? గుడ్డిగా 3, 5, 7, 11 అంటూ వెళ్లక్కర్లేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది! ఫెర్మా తప్పు చేశాడని నాకేం బాధ లేదు. ఈ కాస్త భాగహారం చేయకుండా ఎలా ఊరుకున్నాడన్నదే నాకు అంతుపట్టదు.

భాగహారం చేయకుండానే దీన్ని నమ్మించొచ్చు. పెన్ను తీయండి. 641లో 1 తీస్తే 640, అంటే 5 × 2⁷. కాబట్టి 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం కడితే 5⁴ × 2²⁸, శేషం 1. ఇప్పుడు 641ని ఇంకోలా విడగొట్టండి: 625 + 16, అంటే 5⁴ + 2⁴. అందుకే 5⁴ ఉన్నచోట −2⁴ వేయొచ్చు. వేస్తే −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³² శేషం −1. దానికి 1 కలిపితే సున్నా. అయిపోయింది! ఎన్నిసార్లు చూసినా నాకు ఇది గారడీలాగే ఉంటుంది.

ఇంకొక్క మాట. మన సంఖ్యలోంచి 2 తీసేస్తే 4,29,49,67,295. ఇదేమిటో తెలుసా? 3 × 5 × 17 × 257 × 65537. ఫెర్మా సరిగ్గా చెప్పిన ఐదింటి లబ్ధం! అందుకే ఆ ఐదింటిలో దేనితో భాగించినా మన సంఖ్యకు శేషం 2 మిగులుతుంది.

65537 తరవాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఏడోదాన్ని, 2⁶⁴ + 1ని, 1880లో లాండ్రీ అనే పెద్దాయన కారణాంకాలుగా విడగొట్టాడు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. చిన్న కారణాంకం 2,74,177. రెండోదాన్ని మీరే కట్టి చూడండి. మామూలు కాలిక్యులేటర్‌లో అంకెలు పట్టవు, చేత్తోనే చేయాలి.