కొత్త ల్యాప్‌టాప్‌కు పాత కాటా: సీరియల్ పోర్టును కలిపే పద్ధతి

దృశ్యం: తాడిపత్రి శివార్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీల నడుమ ఒక లారీ కాటా. లోడుతో వచ్చిన లారీ మెల్లగా ప్లాట్‌ఫారం ఎక్కుతుంది. గదిలో ఇండికేటర్ మీద ఎర్రటి అంకెలు మారుతూ మారుతూ ఒకచోట నిలుస్తాయి. పక్కనున్న కొత్త ల్యాప్‌టాప్‌లో బరువు గడి ఖాళీగా ఉంటుంది.

వ్యాఖ్యానం: నమస్కారం. మీరు చూస్తున్న ఈ ఇండికేటర్ చాలా ఏళ్ల నాటిది, అయినా లారీ బరువును నేటికీ సరిగ్గానే చూపుతోంది. దానికి తగిలించిన పాత కంప్యూటర్ పాడవడంతో యజమాని కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు; తీరా చూస్తే, ఇండికేటర్ నుంచి వచ్చే తొమ్మిది పిన్నుల కేబుల్‌ను పెట్టే సాకెట్, అంటే సీరియల్ పోర్టు, అందులో లేనే లేదు. “కాటా బాగానే ఉండాది, కంప్యూటరే పోయింది” అని ఆయన నాతో అన్నారు. ఇలాంటప్పుడు ఇండికేటర్‌నే మార్చేయమని చెప్పేవారు ఉంటారు. చెడిపోని పరికరాన్ని ఒక సాకెట్ లేదన్న కారణంతో పక్కన పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. పైగా కాటాకు తూనికలు, కొలతల శాఖ వేసిన సీలు ఉంటుంది. ఈరోజు మనం చేసే పనిలో ఆ సీలును ముట్టుకోవలసిన అవసరమే రాదు, ముట్టుకోకూడదు కూడా.

దృశ్యం: తొమ్మిది పిన్నుల కనెక్టర్ దగ్గరగా కనిపిస్తుంది. దాని పక్కన ల్యాప్‌టాప్ యూఎస్‌బీ సాకెట్.

వ్యాఖ్యానం: ఈ కనెక్టర్ వెనుక ఉన్న ప్రమాణం పేరు ఆర్‌ఎస్-232. ఇది 1960లో అమెరికాలో రూపొందింది. మన పరికరాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి 1969 నాటి ‘సి’ సవరణకు చెందినది. ఈ తీగల మీద ఒకటి అనే అంకెను మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులతోనూ, సున్నాను ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులతోనూ పంపుతారు. యూఎస్‌బీ భాష పూర్తిగా వేరు. కాబట్టి కేవలం ఆకారం మార్చే ముక్క సరిపోదు, లోపల చిప్ ఉన్న యూఎస్‌బీ టు సీరియల్ కన్వర్టర్ కావాలి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎలక్ట్రానిక్స్ ప్రయోగాల కోసం అమ్మే చిన్న బోర్డులు చాలావరకు 3.3 లేదా 5 వోల్టుల టీటీఎల్ రకానివి. వాటిని నేరుగా ఇండికేటర్‌కు కలిపితే మైనస్ వోల్టేజీ తగిలి బోర్డు కాలిపోవచ్చు. తొమ్మిది పిన్నుల మేల్ కనెక్టర్ (పిన్నులు బయటికి కనిపించే రకం) ఉండి, ఆర్‌ఎస్-232 అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

చిప్‌ల విషయానికి వస్తే ఎఫ్‌టీడీఐ, ప్రొలిఫిక్, సీహెచ్340, సీపీ2102 అనేవి తరచుగా వినబడే పేర్లు. కొన్ని పాత ప్రొలిఫిక్ చిప్‌లకు కొత్త విండోస్‌లో మద్దతు నిలిచిపోయింది. అలాంటి కేబుల్ పెడితే, ఆ చిప్‌ను 2012లోనే ఆపివేశామని, తగిలించిన పరికరాల పట్టికను చూపే విండోస్ డివైస్ మేనేజర్‌లోనే రాసి కనిపిస్తుంది. రెండు మూడు వందలు ఎక్కువైనా పేరున్న చిప్‌తో వచ్చే కేబుల్ కొనడమే మేలని నేను చెబుతాను, ఎందుకంటే రోజంతా లారీలు నిలబడే చోట ఆగిపోయే కేబుల్ వల్ల జరిగే నష్టం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

దృశ్యం: కన్వర్టర్‌ను ల్యాప్‌టాప్‌కు పెడతారు. ఇండికేటర్ కేబుల్ ఇంకా విడిగానే ఉంటుంది. ఒక చిన్న తీగ ముక్కతో కన్వర్టర్ రెండో పిన్నును, మూడో పిన్నును కలుపుతారు.

వ్యాఖ్యానం: ఇప్పుడు చెప్పబోయే పరీక్షను దయచేసి వదిలిపెట్టకండి. తొలినాళ్లలో నేను ఒక ఊరిలో సగం రోజు ఇండికేటర్ సెట్టింగులు మార్చుతూ కూర్చున్నాను. తప్పు మొదటి నుంచీ కన్వర్టర్‌లోనే ఉంది. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క అంచె సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే ముందుకు పోతున్నాను.

మేల్ కనెక్టర్‌ను ఎదురుగా చూసినప్పుడు, ఐదు పిన్నుల వరుస పైకి ఉంటే ఎడమ నుంచి రెండోది డేటా అందుకునేది, మూడోది డేటా పంపేది, ఐదోది గ్రౌండ్. రెండు, మూడు పిన్నులను కలిపితే ల్యాప్‌టాప్ పంపిన అక్షరం తిరిగి దానికే చేరుతుంది. డివైస్ మేనేజర్‌లో కన్వర్టర్‌కు విండోస్ ఇచ్చిన కామ్ పోర్టు నంబరు చూసుకుని, పోర్టుకు అక్షరాలు పంపి, వచ్చినవి చూపే పుట్టీ వంటి టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టును తెరిచి, డేటాను ఆపి ఆపి పంపించే ఏర్పాటైన ఫ్లో కంట్రోల్‌ను ‘నన్’ అని పెట్టి, ఏదైనా అక్షరం కొట్టండి. తీగ ఉన్నప్పుడు అక్షరం తెర మీద కనిపించి, తీగ తీయగానే కనిపించడం మానేస్తే, డ్రైవర్ (కన్వర్టర్‌ను విండోస్ చేత పనిచేయించే సాఫ్ట్‌వేర్), చిప్, పోర్టు నంబరు మూడూ బాగున్నట్టే. ఇక ల్యాప్‌టాప్ వైపు వెతకనక్కరలేదు.

దృశ్యం: మల్టీమీటర్ నల్ల తీగ ఇండికేటర్ కేబుల్ ఐదో పిన్ను మీద, ఎర్ర తీగ మూడో పిన్ను మీద. మీటరు మైనస్ 9 వోల్టులకు దగ్గరగా చూపుతుంది.

వ్యాఖ్యానం: తర్వాత ఇండికేటర్ వైపు. కేబుల్ నేరుగా ఉందా, లోపల తీగలు అడ్డంగా మారి ఉన్నాయా అన్నది పైకి చూస్తే తెలియదు, మల్టీమీటర్ మాత్రం చెబుతుంది. డేటా పంపే పిన్ను ఖాళీగా ఉన్న సమయంలో మైనస్ వోల్టేజీలో నిలబడి ఉంటుంది. ఎడతెగక బరువు పంపే ఇండికేటర్ అయితే అంకె ఊగుతూ ఉంటుంది. ఆ వోల్టేజీ రెండో పిన్ను మీద వస్తే నేరుగా ఉన్న కేబుల్ చాలు. ఇక్కడ చూసినట్టు మూడో పిన్ను మీద వస్తే, రెండునూ మూడునూ తారుమారు చేసే నల్ మోడెమ్ కేబుల్ కావాలి. ఇండికేటర్‌కు ఇరవై ఐదు పిన్నుల కనెక్టర్ ఉంటే అందులో గ్రౌండ్ ఐదోది కాదు, ఏడోది.

దృశ్యం: అన్నీ కలిపాక టెర్మినల్ తెర మీద కొన్ని అంకెలు, వాటి మధ్య అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

వ్యాఖ్యానం: పిచ్చి గుర్తులు రావడం శుభసూచకమే. తీగలు పనిచేస్తున్నాయి, ఒప్పందమే కుదరలేదు. సీరియల్ సంభాషణలో వేగాన్ని సూచించే బాడ్ రేటు, ఒక్కో అక్షరాన్ని మోసే డేటా బిట్లు (ఒకట్లు, సున్నాలు), తప్పులు పట్టడానికి చేర్చే పారిటీ, అక్షరం ముగిసిందని తెలిపే స్టాప్ బిట్లు రెండువైపులా ఒకేలా ఉండాలి. పాత ఇండికేటర్లలో 1200, 2400, 4800, 9600 బాడ్ రేట్లు సర్వసాధారణం. ఏ అక్షరమూ సరిగ్గా రాకపోతే ముందు వేగాన్ని మార్చి చూడండి.

ఈ తెరను మాత్రం జాగ్రత్తగా గమనించండి. ఇందులో 0, 3, 5, 6, 9 అంకెలు చక్కగా వస్తున్నాయి. 1, 2, 4, 7, 8 రావలసిన చోట్ల మాత్రమే గుర్తులు పడుతున్నాయి. ఇది వేగం తప్పు కాదు. ఇండికేటర్ ఏడు డేటా బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతుంటే, మనం ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నాం. ఈవెన్ పారిటీలో ఒకట్ల సంఖ్య బేసిగా ఉన్న అక్షరానికి మరో ఒకటి చేరుతుంది. 1, 2, 4, 7, 8 అంకెల ఆస్కీ సంకేతాల్లో (అక్షరాలను ఒకట్లు, సున్నాలుగా రాసే పద్ధతి) ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటాయి కనుక, చేరిన ఆ బిట్టును మన సాఫ్ట్‌వేర్ అక్షరంలో భాగమనుకుని మరో గుర్తును చూపుతుంది. సెట్టింగును ఏడు బిట్లు, ఈవెన్ అని మార్చగానే బరువు స్పష్టంగా కనిపిస్తుంది.

దృశ్యం: ఇండికేటర్ మీది బరువు, తెర మీది బరువు ఒకటే. టెర్మినల్ మూసి, చీటీలు ముద్రించే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు.

వ్యాఖ్యానం: టెర్మినల్‌ను మూయడం మరిచిపోవద్దు, ఒక పోర్టును ఒకేసారి రెండు సాఫ్ట్‌వేర్లు తెరవలేవు. పాత కాటా సాఫ్ట్‌వేర్లు కొన్ని కామ్ 1 నుంచి కామ్ 4 వరకే గుర్తిస్తాయి. కన్వర్టర్‌కు కామ్ 11 వచ్చి ఉంటే డివైస్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి నంబరును తగ్గించవచ్చు. చాలా కన్వర్టర్లకు సొంత సీరియల్ నంబరు ఉండదు కాబట్టి, వేరే యూఎస్‌బీ సాకెట్‌కు మార్చితే పోర్టు నంబరు కూడా మారిపోతుంది. ఏ సాకెట్‌లో పెట్టారో దాని పక్కన స్టిక్కర్ అంటించండి. విండోస్‌కు ముందటి డాస్ కాలపు సాఫ్ట్‌వేర్ కథ వేరు. అది పోర్టు హార్డ్‌వేర్ చిరునామాతోనే నేరుగా మాట్లాడుతుంది, 64 బిట్ల విండోస్‌లో అసలు నడవదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపి, కన్వర్టర్ పోర్టును దానికి అప్పగించే వీలుంది.

దృశ్యం: కిటికీలోంచి కాటా ప్లాట్‌ఫారం, దాని వెనుక మబ్బు పట్టిన ఆకాశం.

వ్యాఖ్యానం: చివరగా పిడుగుల సంగతి. కాటా ఆరుబయట ఉంటుంది, ప్లాట్‌ఫారం కింద బరువును కొలిచే లోడ్ సెల్‌ల తీగలు నేలలోంచి గదికి వస్తాయి. దగ్గరలో పిడుగు పడినా, ఇండికేటర్ ఎర్తుకూ ల్యాప్‌టాప్ ఛార్జర్ ఎర్తుకూ మధ్య వోల్టేజీ తేడా ఉన్నా, ఆ దెబ్బ సీరియల్ కేబుల్ గ్రౌండ్ తీగ వెంట నేరుగా ల్యాప్‌టాప్‌లోకి చేరగలదు. అందుకే కాటాలకు ఐసొలేషన్ ఉన్న కన్వర్టర్‌నే వాడమని కోరుతున్నాను. అందులో రెండువైపుల మధ్య కరెంటు దారి తెగి ఉంటుంది. అయినా ఉరుములు మొదలైతే, చివరి లారీ చీటీ ఇచ్చేసి, కన్వర్టర్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసి పక్కన పెట్టండి.