కౌమార నవలలో బైసెక్సువల్ పాత్ర: మాట, క్రియ, చివరి పేజీ

అందరికీ నమస్కారం.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం రాసే నవలల్లో బైసెక్సువల్ పాత్ర, అంటే అబ్బాయిల మీదా అమ్మాయిల మీదా ఇష్టం కలిగే పాత్ర, మొదట ఉన్నట్టే ఉండి, పుస్తకం ముగిసేసరికి మాయమైపోతుంది. ఎందుకు మాయమవుతుంది, నిలబెట్టాలంటే రాతప్రతిలో ఎక్కడ చెయ్యి పెట్టాలి అన్నదే ఈ రోజు మన మాట.

మన చదివే అలవాటులోనే చిక్కుంది. పాత్ర పక్కన ఎవరున్నారో చూసి పేరు పెట్టేస్తాం. అమ్మాయి పక్కన అబ్బాయి ఉంటే మామూలు ప్రేమకథ, అమ్మాయి ఉంటే లెస్బియన్ కథ. పుస్తకాలకు అరలు సర్దేవాళ్లూ ఇదే చేశారు. లోరెయిన్ హచిన్స్, లానీ కాహుమాను 1991లో అమెరికాలో తెచ్చిన ‘బై ఎనీ అదర్ నేమ్’ బైసెక్సువల్ మనుషులు తమ గురించి తామే రాసుకున్న సంకలనం. గే, లెస్బియన్ వంటి వాళ్ల సాహిత్యానికి అమెరికాలో ఇచ్చే లామ్డా పురస్కారాల్లో అది లెస్బియన్ సంకలనాల విభాగంలో పోటీకి నిలబడాల్సి వచ్చింది. బైసెక్సువల్ అన్న విభాగమే అప్పటికి లేదు. అది రావడానికి ఇంకో పదేళ్లకు పైనే పట్టింది.

కాబట్టి మొదటి పని: ‘బైసెక్సువల్’ అన్న మాట పుస్తకంలో రావాలి. ‘నాకు పేర్లు, ముద్రలు ఇష్టం లేదు’ అని పాత్ర చేత అనిపించి రచయిత తప్పుకోవడం చాలా చోట్ల చూస్తాం. పాత్రకు ఆ మాట నచ్చకపోవచ్చు, అందులో తప్పేం లేదు. కానీ నచ్చలేదని చెప్పడానికైనా మాట పలకాలి, కారణం చెప్పాలి. డేవిడ్ లెవితన్ ‘బాయ్ మీట్స్ బాయ్’ (2003) నవలలో కైల్ అనే అబ్బాయి ఆ మాట వద్దంటాడు, అది తనను రెండు ముక్కలు చేసినట్టుంటుందని. కారణం వినబడింది కాబట్టి పాఠకుడికి మనిషి అర్థమవుతాడు.

తెలుగులో ఏ మాట వాడాలి? పత్రికల్లో కనిపించే ‘ద్విలింగ సంపర్కులు’ కౌమార నవలకు పనికిరాదు. సంపర్కం అనగానే వ్యవహారం శరీరానికి పోతుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఉన్నది ఒక ఇష్టం, ఒక గుబులు, అంతే. ‘ద్విలింగ’ అంటే ఇంకో చిక్కు. బడిలో మందార పువ్వును కోసి, కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో చూపించి ‘ద్విలింగ పుష్పం’ అని నేర్పిస్తారు. ఆ మాట మనిషికి తగిలిస్తే, రెండు లింగాలూ ఉన్న మనిషి అనుకుంటాడు పాఠకుడు. అది వేరే సంగతి. కథకుడి గొంతులో ‘ద్విలైంగిక’ నడుస్తుంది. పిల్లల సంభాషణలో మాత్రం ‘బై’యే సహజం. అయితే తెలుగు లిపిలో వీడ్కోలు ‘బై’ కూడా ఇదే అక్షరం. అందుకే మొదటిసారి ‘బైసెక్సువల్’ అని పూర్తిగా రాయండి, ‘బై’ ఆ తర్వాతే. ‘నేను బై’ అన్న వాక్యంతో అధ్యాయం మొదలుపెట్టకండి.

ఇక తెలుగు రచయితకు నిజంగా పని చెప్పేది క్రియ. ఉత్తమ పురుషలో రాస్తే ‘వెళ్లాను, చూశాను’లో లింగం కనబడదు. ఎదుటి మనిషి దగ్గరికొచ్చేసరికి ‘చేశాడు, చేసింది’ అని తేలిపోతుంది. ‘తను’ అన్నా క్రియ పట్టిస్తుంది. ఇంగ్లీషులో నాలుగు పేజీలు దాచిన విషయం తెలుగు అనువాదంలో ఒక్క క్రియతో బయటపడేది ఇందుకే. దీన్ని అడ్డంకి అనుకోకండి, వాడుకోండి. ఇంటర్ చదివే అమ్మాయికి ఫోనొచ్చింది, చేసింది ఒక అబ్బాయి.

“ఎవరే?”

“క్లాస్‌మేట్ అమ్మా. నోట్స్ కోసం చేశారు.”

“చేశారా? క్లాస్‌మేటా, లెక్చరరా?”

తోటి పిల్లవాడికి ‘చేశారు’ అని బహువచనం వాడగానే అమ్మ పట్టేసింది. మర్నాడు ఆ అమ్మాయికి ఇంకా ఎక్కువ ఇష్టమైన స్వప్న ఫోన్ చేసింది. “స్వప్న చేసింది” అని దాపరికం లేకుండా చెప్తుంది. “రమ్మనవే, ఇక్కడే తిని వెళ్తుంది” అంటూ అమ్మ ఇంకో కంచం పెడుతుంది. అబ్బాయిని క్రియలో దాచాలి. స్వప్నను దాచనక్కర్లేదు, ఎందుకంటే ఆ ఇష్టం ఉండగలదని ఇంట్లో ఎవరి ఊహలోనూ లేదు. బైసెక్సువల్ పిల్ల బతుకులో దాపరికం రెండు రకాలు. ఆ కంచం ముందు ఆమె ఎలా కూర్చుందో రాయగలిగితే పది పేజీల వివరణ అక్కర్లేదు.

ఎక్కువమంది జారిపడేది ముక్కోణపు ప్రేమకథ దగ్గర. రెండు ఇష్టాలూ నిజమని రుజువు చెయ్యాలన్న ఆత్రంలో రచయిత అబ్బాయినీ అమ్మాయినీ ఒకే నెలలో కథలోకి దించేస్తాడు. ఇద్దరిలో ఒకర్ని మోసం చెయ్యక తప్పదు. ‘వీళ్లు నిలకడలేని మనుషులు’ అన్న పాత నిందకు మనమే సాక్ష్యం పలికినట్టవుతుంది. మందు తేలికే: కాలం విడదీయండి. ఎనిమిదో తరగతిలో ఒక ఇష్టం, ఇంటర్లో ఇంకొకటి. పాతదానికి నాలుగైదు వాక్యాలు చాలు, కానీ అందులో ఒక వస్తువు ఉండాలి: తిరిగివ్వని జామెట్రీ బాక్సో, బస్సు కిటికీ సీటో. ఆలిస్ ఓస్మన్ బొమ్మల నవల ‘హార్ట్‌స్టాపర్’లో నిక్ అనే అబ్బాయి కథ ఇలాగే నడుస్తుంది. తారా అనే అమ్మాయి మీద ఇష్టం చిన్నప్పటిది, చార్లీ అనే అబ్బాయి మీద ప్రేమ ఇప్పటిది. కొత్తది వచ్చిందని పాతది అబద్ధం కాదు. అతన్ని గే అన్నప్పుడు, కాదు బై అని పొట్టిగా సరిదిద్దుతాడు, అదీ ఒక్కసారితో ఆగదు. చెప్పుకోవడం అన్నది ఒకే పెద్ద సన్నివేశం అనుకోకండి. అమ్మకు ఒకసారి, స్నేహితుడికి ఒకసారి, తెలియనివాళ్లకు మళ్లీ మళ్లీ. యాభై వేల పదాల నవలైతే మొదటి పదిహేను వేలలోపే రెండు ఇష్టాలూ పాఠకుడికి తెలిసిపోవాలని మా సలహా. ఆఖర్లో బయటపెడితే అది మలుపులా ఉంటుంది, మనిషిలా ఉండదు.

ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేం. పాత్రకు రుజువు అడిగే అలవాటు రాసేవాళ్ల మీదికీ, నటించేవాళ్ల మీదికీ పాకింది. ‘లేయా ఆన్ ది ఆఫ్‌బీట్’ (2018)లో బైసెక్సువల్ నాయికను రాసిన బెకీ ఆల్బర్టాలీని, నీకేం తెలుసని ఏళ్ల తరబడి ప్రశ్నించారు. 2020 ఆగస్టులో తానూ బైసెక్సువలేనని ఆమె ప్రకటించాల్సి వచ్చింది. ‘హార్ట్‌స్టాపర్’ టీవీ సిరీస్‌లో నిక్‌గా నటించిన కిట్ కానర్‌కు 2022లో, పద్దెనిమిదేళ్లకే, అదే గతి పట్టింది. ఇది అన్యాయం. రాతలో తప్పుంటే ఆ వాక్యం చూపించండి, రాసినవాళ్ల గుట్టు అడగకండి.

రాతప్రతి పూర్తయ్యాక రెండు రంగుల పెన్సిళ్లు తీసుకోండి. అబ్బాయిల మీద ఇష్టం కనబడే ప్రతి వాక్యం కింద ఒక రంగు, అమ్మాయిల మీద ఇష్టం కింద ఇంకోటి. ఇష్టమంటే ప్రేమే కానక్కర్లేదు. గొంతు బాగుందనుకోవడం, కళ్లు తిప్పుకోవడం కూడా. జంట కుదిరిన పేజీ తర్వాత ఒక రంగు పూర్తిగా ఆగిపోతే పాత్ర మాయమైంది అక్కడే. అక్కడ కొత్త ప్రేమను తెచ్చిపెట్టకండి. పక్కన ఉన్న అబ్బాయితో ఆ అమ్మాయి స్వప్న గురించి మాట్లాడే అర పేజీ చాలు. అతను “ఇప్పుడు నేనున్నాగా” అంటే ఆమె ఏమంటుందో రాయండి. తర్వాత వెనక అట్ట మీది పరిచయం చూడండి. ‘ఒక అమ్మాయి ప్రేమకథ’ అని ప్రచురణకర్త రాసుంటే, కొట్టేసి ‘బైసెక్సువల్’ అన్న మాట రాయించండి. లైబ్రరీలో నిలబడి పుస్తకం తిరగేసే పిల్ల మొదట చూసేది ఆ అట్టనే.