పైనుంచి వచ్చిందమ్మా!

శ్రోతలందరికీ నమస్కారం.

మా మేనకోడలు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. మా విజయనగరం జిల్లాలో ఇది వింతేమీ కాదు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ పేరు చెబితే ముందు బరువులే గుర్తొస్తాయి. ఒకసారి సెలక్షన్ ట్రయల్స్ అంటే తెల్లవారకముందే లేచి బస్సెక్కాం. తన కేటగిరీ బరువు దాటిపోతుందేమోనని రాత్రి అన్నం కూడా మానేసింది పిల్ల. తీరా వెళ్తే తేదీ మారిందన్నారు. ఎవరు మార్చారని అడిగాను. "పైనుంచి వచ్చిందమ్మా" అన్నారు.

ఆ పైన ఎవరుంటారు? జిల్లా సంఘం పైన రాష్ట్ర సంఘం, దాని పైన జాతీయ సమాఖ్య, అన్నిటికీ పైన అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య. ఆ చివరి మెట్టు మీద హంగేరీకి చెందిన తమాష్ అయాన్ 1976 నుంచి ప్రధాన కార్యదర్శిగా, 2000 నుంచి అధ్యక్షుడిగా 2020 దాకా కూర్చున్నారు. మొత్తం 44 ఏళ్లు! ఆ ఏడాది జూన్‌లో కెనడా న్యాయనిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ విచారణ నివేదిక వచ్చింది. సమాఖ్య సొమ్ములో కోటీ నాలుగు లక్షల డాలర్లకు లెక్క లేదు. డోపింగ్‌కు, అంటే నిషేధించిన మందులు వాడినందుకు వేసే జరిమానాలు నగదుగా చేతికి తీసుకునేవారు. క్రీడాకారులు దొరికిపోయిన 40 డోపింగ్ ఫలితాలు బయటికి రాలేదు. సమాఖ్య ఎన్నికల్లో ఓట్లు కొన్నారు. అయాన్ మీద జీవితకాల నిషేధం పడేసరికి 2022 వచ్చింది.

ఇప్పుడు ఆడేవాళ్ల సంగతి చూడండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో గెలిచిన నైజీరియా అమ్మాయి వయసు పదహారేళ్లు. డోప్ పరీక్షలో దొరికింది. పోటీలు ముగిసేలోపే పతకం వెనక్కి తీసుకున్నారు. మన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి కాంస్యం అలా రజతమైంది. అది న్యాయమే, సంతోషమే. కానీ పదహారేళ్ల పిల్ల తప్పు తేల్చడానికి వారం చాలినప్పుడు, పెద్దాయనను అడగడానికి అన్ని దశాబ్దాలు ఎందుకు పట్టాయి? డోపింగ్ నిఘా జాబితాలో ఉన్న క్రీడాకారులు రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. ఏడాదిలో మూడుసార్లు తప్పితే శిక్షే. సంఘం డబ్బు ఎక్కడుందో రాసివ్వమని మాత్రం ఎవరూ అడగలేదు.

దెబ్బ ఎవరికి తగిలింది? రియో ఒలింపిక్స్‌లో 260 మంది లిఫ్టర్లకు చోటుండేది. పారిస్‌కి 120 మందే మిగిలారు. 2028 లాస్ ఏంజిలెస్ మొదటి జాబితాలో అసలు ఈ ఆటే లేదు, 2023లో మళ్లీ చేర్చారు. కుర్చీలో కూర్చున్నవాళ్ల పాపానికి పిల్లల చోట్లు పోయాయి.

ఇదేదో పరాయి దేశపు జబ్బు అనుకోలేం. మన విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన, 1936లో భారత క్రికెట్ జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. మన దేశానికి తొలి టెస్టు సెంచరీ చేసిన లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ లేదంటూ ఇంటికి పంపించేశారు. తర్వాత విచారణలో అమర్‌నాథ్ తప్పు లేదని తేలింది. ఆయన పోగొట్టుకున్న టెస్టులు తిరిగి రాలేదు. విజ్జీ 1954లో క్రికెట్ బోర్డుకే అధ్యక్షుడయ్యారు. మన ఊరివాడైనా ఈ మాట చెప్పుకోవాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలు ఉండాలి, పేరున్న క్రీడాకారులకూ చోటివ్వాలి. వివాదాలకు ట్రిబ్యునల్ ఉంటుంది. మంచిదే. కానీ సమాచార హక్కు ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే వర్తిస్తుంది. దేశం పేరు వేసుకుని ఆడించే ప్రతి సంఘానికీ అది ఉండాలని నేను గట్టిగా అంటాను.

మా పిల్లకు వచ్చే నెల మళ్లీ ట్రయల్స్. తేదీ, ఎంపిక పద్ధతి, నిర్ణయించేవాళ్ల పేర్లు కాగితం మీద ఇమ్మని సంఘానికి ఉత్తరం రాశాం. మరో ఆరుగురు తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. జవాబు కోసం చూస్తున్నాం.

నమస్కారం.