దోమ గుడ్డులోకి దారి: జాతీయ సైన్సు దినోత్సవ ప్రసంగం

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ముఖ్యంగా వెనక వరసల్లో సర్దుకున్న విద్యార్థులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన గొప్పలను సగానికి తగ్గించుకోండి. కణంలోకి పదార్థాల రవాణా గురించి మాట్లాడమన్నారు. అందుకని ఒక దోమ కథతో వచ్చాను.

ఈడిస్ ఈజిప్టై. వానలు మొదలవగానే పత్రికల్లో డెంగీ వార్తల పక్కన కనిపించే చారల దోమ ఇదే. కుట్టేది ఆడదోమే. గుడ్లు తయారవడానికి దానికి ప్రోటీను కావాలి, అది మన రక్తంలో ఉంది. రక్తం తాగాక దాని ఒంట్లో పచ్చసొన ప్రోటీను తయారై అండాశయాన్ని చేరుతుంది. అంత పెద్ద అణువు అండకణం లోపలికి ఎలా పోతుంది? కణత్వచంలో దానికి సరిపడే రంధ్రం లేదే!

1964లో హార్వర్డ్‌లో థామస్ రాత్, కీత్ పోర్టర్ ఏం చేశారో చూడండి. రక్తం తాగకముందు కొన్ని, తాగాక కొంత కొంత వ్యవధిలో మరికొన్ని దోమల అండాశయాలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించారు. అండకణం పైపొర నిండా గుంటలు! ఒక్కొక్కటి 140 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరు పొడవున ఏడు వేలు పేర్చవచ్చు. రక్తం తాగిన దోమలో ఆ గుంటలు 15 రెట్లు పెరిగాయి. గుంటకు బయటివైపు ప్రోటీను అంటుకుని ఉంది, లోపలివైపు సన్నటి నూగు ఉంది. గుంట లోతై, మూతి బిగుసుకుని, తెగి తిత్తిలా లోపలికి జారుతుంది. ఆపైన నూగు ఊడిపోతుంది, తిత్తులు ఒకదానిలో ఒకటి కలిసి పచ్చసొన బిందువులవుతాయి. గమనించారా? ప్రోటీను పొరను దాటనే లేదు. పొరే దాన్ని చుట్టుకుని లోపలికి వచ్చింది.

ఆ నూగు ఏమిటో తరువాత కేంబ్రిడ్జిలో బార్బరా పియర్స్ తేల్చారు. పంది మెదడు నుంచి ఆ తిత్తులను వేరుచేసి, నూగులోని ప్రోటీనుకు క్లాత్రిన్ అని పేరు పెట్టారు.

ఇదంతా దోమల గొడవ అనుకోకండి. మన రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు కణాల్లోకి పోయే దారి కూడా ఇదే. అమెరికాలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఒక రోగి కణాలను పరీక్షించారు. ఎల్‌డీఎల్‌ను పట్టుకునే పైపొర ప్రోటీన్లు, అంటే గ్రాహకాలు, ఉన్నాయి, ఎల్‌డీఎల్ వాటికి అంటుకుంటోంది, అయినా లోపలికి పోవడం లేదు. ఆ గ్రాహకాలు గుంటల్లోకి చేరడం లేదు, అంతే! కొలెస్ట్రాల్ రక్తంలోనే మిగిలిపోయింది. 1985లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ కథ ఇంకా చాలా ఉంది.

కానీ నాకు మరో మాట అడ్డం వస్తోంది. చెప్పక తప్పదు.

ఈ మధ్య ఒక కళాశాలకు ప్రాక్టికల్స్ పరీక్షకుడిగా వెళ్లాను. ఊరు చెప్పను. ప్రతి రికార్డులోనూ అమీబా ఒకే తీరుగా, ఒకే వైపు మిథ్యాపాదం చాచి ఉంది. పక్క పేజీలో మాత్రం ‘అమీబాకు స్థిరమైన ఆకారం లేదు’ అని అందమైన దస్తూరీ! మైక్రోస్కోపు చూపించమంటే అటెండరు బీరువా తాళం కోసం వెళ్లాడు. పరీక్ష ముగిసేదాకా తిరిగి రాలేదు. పిల్లల్ని నేనేమీ అనను. కదిలే కణాన్ని ఒక్కసారైనా చూపించకుండా, పొర చుట్టుకుని మింగే ఈ పని గురించి ‘ఎండోసైటోసిస్, నాలుగు మార్కులు’ అని చెప్పిన మనల్ని అనాలి. అవును, మనల్నే. అధ్యాపక మిత్రులు నవ్వుతున్నారు, నవ్వకండి.

సరే, దోమ దగ్గరికి వద్దాం. అది మోసుకొచ్చే డెంగీ వైరస్ మన కణంలోకి ఎలా దూరుతుంది? ఇదే క్లాత్రిన్ గుంటలోంచి! లోపలికి వెళ్లిన తిత్తిలో ఆమ్లత పెరుగుతుంది. ఆ ఆమ్లం తగలగానే వైరస్ పైనున్న ప్రోటీను ఆకారం మారి, వైరస్ పొర తిత్తి పొరలో కలిసిపోతుంది, దాని ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. మింగినదాన్ని అరిగించుకోవడానికి కణం పోగుచేసే ఆమ్లమే వైరస్‌కు తలుపు తీస్తోంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మన దగ్గర లేదు, నిజమే. ఆమ్లం పెరగడాన్ని చూడటానికి అది అక్కర్లేదు. ఎండుగడ్డిని చెరువు నీటిలో నానబెడితే పారమీషియం అనే ఏకకణ జీవి దొరుకుతుంది. ఈస్టును కాంగో రెడ్ రంగుతో ఉడికించి, చల్లారాక ఒక చుక్క ఇవ్వండి. చేతికి తొడుగులు వేసుకోండి, ఆ రంగు మంచిది కాదు. పారమీషియం ఈస్టును మింగుతుంది, దాని చుట్టూ ఎర్రటి తిత్తులు, అంటే ఆహార రిక్తికలు, ఏర్పడతాయి. కాసేపటికి అవి నీలం వైపు తిరుగుతాయి. కాంగో రెడ్ ఆమ్లంలో నీలమవుతుంది, అంటే లోపల ఆమ్లత పెరిగిందన్నమాట. చివరికి మళ్లీ ఎరుపెక్కుతాయి. మీ కళ్లముందే, మామూలు కళాశాల మైక్రోస్కోపు కిందే!

ప్రిన్సిపాల్ గారూ, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ఈ సభలోనే చెప్పించండి. గడ్డి నానడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఈ సాయంత్రమే సీసాల్లో వేయాలి. ముందు వరసలోని అమ్మాయిలిద్దరూ, మీరు చెరువు నీళ్లు తెండి. కాంగో రెడ్ నేను తెస్తాను. నమస్కారం.