టర్బైన్ బేరింగ్ దగ్గర ఆయిల్ కారుతోందా? ముందు డ్రెయిన్ పైపు చూడండి

[తెర మీద: లారీ ఇంజిన్. టర్బో దగ్గరి గాలి గొట్టం విప్పి ఉంది. లోపలి గోడలకి ఆయిల్ తడి.]

లారీ సైలెన్సర్‌లోంచి నీలంగా పొగ వస్తుంటే బండిని ఆటోనగర్‌కి తోలుతారు. మేస్త్రీ గాలి గొట్టం విప్పి, లోపల వేలితో తుడిచి చూపిస్తాడు. "టర్బో సీల్ పోయిందన్నా, మార్చాల్సిందే." (టర్బో అంటే సైలెన్సర్‌కి పోయే పొగ తోపుతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చిన్న మెషిన్. దాని షాఫ్ట్ చుట్టూ ఉన్న సందులో ఉండేది సీల్.) మారుస్తారు. నెల తిరక్కుండానే మళ్ళీ అదే పొగ. ఇక పార్టు డూప్లికేటని షాపు వాళ్ళతో గొడవ మొదలు.

డూప్లికేటే కావచ్చు, కాదనను. కానీ చాలాసార్లు కొత్త టర్బోలో ఏ లోపమూ ఉండదు. అందులోకి వెళ్ళిన ఆయిల్ కిందికి దిగే దారే సరిగా ఉండదు. దిగాల్సిన ఆయిల్ దిగకుండా లోపలే నిండిపోతే, దాన్ని ఆపే శక్తి ఆ సీల్‌కి లేదు. అసలు ఆ పని కోసం దాన్ని తయారు చేయనే లేదు.

రెండు చేతుల్లో ఇమిడే టర్బో నుంచి 500 మెగావాట్ల స్టీమ్ టర్బైన్ దాకా, విమానం ఇంజిన్ దాకా ఇదే కథ. పెద్దదాంతో మొదలుపెడదాం. పెద్ద మెషిన్‌లో ఏ భాగానికి ఆ భాగం విడిగా కనిపిస్తుంది కాబట్టి అర్థం చేసుకోవడం తేలిక.

[తెర మీద: టర్బైన్ హాలు. కెమెరా మెల్లగా బేరింగ్ పెడెస్టల్ దగ్గరికి.]

రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం... మన థర్మల్ స్టేషన్లలో టర్బైన్ షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కదా, ఆ లెక్కకే. టన్నుల బరువున్న ఆ షాఫ్ట్‌ని మోసేది పెడెస్టల్ అనే పెద్ద పెట్టెలో ఉన్న బేరింగ్. అందులో బాల్స్, రోలర్లు ఏమీ ఉండవు. లోపల వైట్ మెటల్ అనే మెత్తని లోహం పూసిన రెండు అర్ధచంద్రాల లాంటి ముక్కలు, వాటికీ షాఫ్ట్‌కీ మధ్య ఆయిల్ పొర. షాఫ్ట్ ఆ పొర మీదే తేలుతూ తిరుగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. షాఫ్ట్ బేరింగ్‌లో కూర్చునే చోటుని జర్నల్ అంటారు. దాని వ్యాసం 400 మిల్లీమీటర్లు అనుకోండి. సెకనుకి 50 చుట్లు. అంటే జర్నల్ పైపొర సెకనుకి దాదాపు 63 మీటర్ల వేగంతో కదులుతోంది. గంటకి 226 కిలోమీటర్లు.

ఆ వేగంలో ఆయిల్ పొర కూడా వేడెక్కుతుంది. 45 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్ళిన ఆయిల్, 60, 65 డిగ్రీలతో బయటికి వస్తుంది. ఆ వేడిని మోసుకుపోవడానికే పెద్ద బేరింగ్‌కి నిమిషానికి వందల లీటర్ల ఆయిల్ పోయాల్సి వస్తుంది. బేరింగ్ అంచుల్లోంచి బయటపడ్డ ఆయిల్ బుద్ధిగా కిందికి జారదు. షాఫ్ట్ దాన్ని విసిరికొడుతుంది. పెట్టె గోడలకి తగిలి చిట్లుతుంది, గాలితో కలిసి నురగ అవుతుంది, కొంత పొగమంచులా మారిపోతుంది. బేరింగ్ ఛాంబర్ లోపల ఎప్పుడూ ఉండేది ఈ గందరగోళమే.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, ఆ పెట్టెలోంచి షాఫ్ట్ రెండు వైపులా బయటికి రావాలి. ఆయిల్ మాత్రం రాకూడదు.

[తెర మీద: ఆయిల్ గార్డ్ కింది సగం, బెంచీ మీద. పళ్ళు కనిపించేలా దగ్గరి షాట్.]

రబ్బరు సీల్ పెట్టేస్తే పోతుంది కదా అని కామెంట్లలో అడుగుతారు, తెలుసు. గేర్‌బాక్సుల్లో వాడే మామూలు రబ్బరు లిప్ సీల్ సెకనుకి ఓ 15 మీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఇక్కడ 63. రుద్దుకుని మాడిపోతుంది. అందుకని ఇక్కడ షాఫ్ట్‌ని దేన్నీ తాకనివ్వరు. బదులుగా పెట్టే ఈ రింగుని ఆయిల్ గార్డ్ అంటారు, కొన్ని చోట్ల ఆయిల్ డిఫ్లెక్టర్ అంటారు. ఇత్తడి లేదా అల్యూమినియం రింగు, పై సగం, కింది సగం. లోపలి వైపు పదునైన పళ్ళు వరసగా ఉన్నాయి చూడండి. పంటికీ షాఫ్ట్‌కీ మధ్య సందు మిల్లీమీటరులో పదోవంతుల లెక్కలో ఉంటుంది. ఫీలర్ గేజ్ దూర్చి కొలుస్తారు.

ఆ సందు చుట్టూ ఒకేలా ఉండదు. కింద తక్కువ, పైన ఎక్కువ పెడతారు. ఆగి ఉన్నప్పుడు షాఫ్ట్ బేరింగ్ అడుగున కూర్చుని ఉంటుంది. తిరగడం మొదలయ్యాక ఆయిల్ పొర దాన్ని కొంచెం పైకి లేపుతుంది, కొంచెం పక్కకి కూడా జరుపుతుంది. ఆగి ఉన్నప్పుడు చుట్టూ సమానంగా పెట్టారంటే, తిరిగేటప్పుడు పైన రాసుకుంటుంది, కింద సందు పెరుగుతుంది.

ఒక పన్ను దాటి వచ్చిన ఆయిల్ రెండో పన్ను ముందున్న గాడిలో పడుతుంది. గాడి చుట్టూ జారి అడుగుకి చేరుతుంది. అడుగున, లోపలి వైపుకి, చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆయిల్ వాటిలోంచి మళ్ళీ పెడెస్టల్‌లోకే వెళ్ళిపోతుంది. అందరూ పళ్ళనే చూస్తారు. నన్నడిగితే ఈ గార్డ్‌కి ప్రాణం ఆ రంధ్రాలే.

[తెర మీద: రంధ్రాల మీద కెమెరా ఆగుతుంది. ఒకటి సీలింగ్ కాంపౌండ్‌తో మూసుకుపోయి ఉంది.]

ఓవర్‌హాల్ (మెషిన్ మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత కొత్తగా లీకేజీ మొదలైందంటే నేను మొదట అనుమానించేది వీటినే. రెండు సగాలు కలిసే చోట సీలింగ్ కాంపౌండ్ పూస్తారు. కారకూడదని ఇంకొంచెం దట్టంగా పూస్తారు. బోల్టు బిగించగానే మిగిలింది లోపలికి పిండుకుని వచ్చి గాడిలో పడి, నేరుగా రంధ్రంలో కూర్చుంటుంది. కారకూడదని పూసిన కాంపౌండే కారడానికి కారణమవుతుంది! ఇంకో రకం కూడా ఉంది. గార్డ్‌ని లోపలి మొహం బయటికి వచ్చేలా తిప్పి బిగించేస్తారు. అప్పుడు రంధ్రాలు ఆయిల్‌ని శ్రద్ధగా బయటికే పంపిస్తాయి.

[తెర మీద: డ్రెయిన్ పైపు బొమ్మ. అడ్డుకోత. సగం ఆయిల్, సగం ఖాళీ.]

ఇక అసలు సంగతి. ఛాంబర్‌లోకి ఆయిల్ వచ్చేది పంపు తోపుతో. బయటికి పోయేది మాత్రం కేవలం తన బరువుతో. తోసేవాడు ఎవడూ లేడు. ఈ తేడా పైపు సైజుల్లోనే కనిపిస్తుంది.

నిమిషానికి 300 లీటర్లు వెళ్ళే బేరింగ్ తీసుకుందాం. లోపలికి సెకనుకి 2 మీటర్ల వేగంతో పంపితే 2 అంగుళాల పైపు దాదాపు సరిపోతుంది. డ్రెయిన్‌కి మాత్రం ఏపీఐ 614 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే లెక్క వేరు. పైపు సగానికి మించి నిండకూడదు. ఆ స్థితిలో ఆయిల్ వేగం సెకనుకి 0.3 మీటర్లుగా లెక్క వేసుకోవాలి. దారి పొడుగునా మీటరుకి కనీసం 40 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. లెక్క కడితే వచ్చే పైపు దాదాపు 8 అంగుళాలు. లోపలికి 2, బయటికి 8. కాగితం మీద చూసి "ఇంత లావు పైపు దండగ కదా" అని తగ్గించేవాళ్ళు ఉంటారు. మోకాలి వంపులు నాలుగు ఎక్కువ పెట్టేవాళ్ళు ఉంటారు. పది మీటర్ల పైపు 40 సెంటీమీటర్లు దిగాలి, కింద కేబుల్ ట్రే అడ్డొచ్చింది అని మధ్యలో పైకి లేపి దించేవాళ్ళూ ఉంటారు.

మరి సగం ఖాళీ ఎందుకు? ఇంట్లో 15 కిలోల నూనె డబ్బాకి ఒకే కన్నం పెట్టి వంచితే ఏమవుతుందో తెలుసు కదా. గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. ఎదురు మూలలో ఇంకో కన్నం పెడితే ధార నిలకడగా వస్తుంది. గాలికి దారి దొరికింది కాబట్టి. డ్రెయిన్ పైపులో పై సగం ఆ రెండో కన్నం. ఛాంబర్‌లోని గాలి, ఆయిల్ పొగమంచు ఆ పై సగంలోంచే ట్యాంకుకి వెళ్తాయి. పైపు నిండా ఆయిల్ ఉంటే గాలి ఛాంబర్‌లోనే ఇరుక్కుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడికి మిగిలిన ఒకే ఒక్క దారి ఆయిల్ గార్డ్ సందు. గాలి అటు పోతూ ఆయిల్‌ని కూడా వెంటపెట్టుకుపోతుంది.

అందుకే డ్రెయిన్ లైన్ మీద ఉండే సైట్ గ్లాస్‌ని ఊరికే "ఆయిల్ వస్తోందా" అని కాకుండా, "ఎంత మట్టంలో వస్తోంది" అని చూడాలి. గ్లాస్ నిండుగా ఉంటే మంచి ఫ్లో ఉందని సంతోషించకండి. అది ప్రమాదం గుర్తు.

[తెర మీద: మెయిన్ ఆయిల్ ట్యాంక్ పైన చిన్న ఫ్యాన్. పక్కన నీళ్ళు పోసిన యూ ట్యూబ్ మానోమీటర్.]

గాలికి దారి ఇస్తే చాలదు, కాస్త లాగాలి కూడా. దానికి ఆయిల్ ట్యాంక్ మీద వేపర్ ఎక్స్‌ట్రాక్షన్ ఫ్యాన్ ఉంటుంది. ట్యాంకులోంచి, డ్రెయిన్ పైపుల మీదుగా బేరింగ్ ఛాంబర్లలోంచి ఆయిల్ ఆవిరిని లాగుతుంది. అప్పుడు ఛాంబర్‌లో బయటి కన్నా ఒత్తిడి కొంచెం తక్కువగా ఉంటుంది. ఎంత అంటే, మానోమీటర్‌లో నీటి మట్టం కొన్ని మిల్లీమీటర్లు తేడా చూపించేంత. అంతే చాలు. గార్డ్ సందులోంచి గాలి ఎప్పుడూ బయటి నుంచి లోపలికే వెళ్తుంటుంది. లోపలికి వస్తున్న గాలికి ఎదురీది ఆయిల్ బయటికి రాలేదు. సీలింగ్ చేస్తున్నది నిజానికి ఆ గాలి.

లీకేజీ కనిపించగానే చాలామంది చేసే పని, ఫ్యాన్ డ్యాంపర్ ఇంకాస్త తెరవడం. లీకేజీ ఆగుతుంది. అందరూ హ్యాపీ. అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. బేరింగ్ పెడెస్టల్‌కి పక్కనే టర్బైన్ గ్లాండ్, అంటే టర్బైన్ లోంచి షాఫ్ట్ బయటికి వచ్చే చోటు, ఉంటుంది, అక్కడ కొద్దో గొప్పో ఆవిరి బయటికి వస్తుంటుంది. వాక్యూమ్ ఎక్కువైతే ఆ ఆవిరి నేరుగా ఆయిల్ గార్డ్‌లోంచి లోపలికి వెళ్ళి నీరవుతుంది. ఆయిల్ మజ్జిగ రంగుకి తిరుగుతుంది. ఆయిల్‌లోంచి నీటిని వేరు చేసే సెంట్రిఫ్యూజ్ రాత్రీ పగలూ తిప్పినా నీరు తగ్గదు. ఆవిరితో పాటు బొగ్గు దుమ్ము, బూడిద కూడా. హై ప్రెషర్ సిలిండర్ వైపు గార్డ్ దగ్గర ఇంకో ముప్పు. వేడికి ఆయిల్ మాడి, దుమ్ముతో కలిసి పళ్ళ మధ్య బొగ్గులా గట్టిపడుతుంది. అది షాఫ్ట్‌ని రాస్తుంది. రాసిన చోట షాఫ్ట్ ఒకవైపే వేడెక్కి, వెంట్రుకవాసి వంగుతుంది, వైబ్రేషన్ మెల్లగా పెరుగుతూ తగ్గుతూ తిరుగుతుంటుంది. కంట్రోల్ రూమ్ వాళ్ళు బ్యాలెన్సింగ్ పోయిందనుకుంటారు. ఓవర్‌హాల్‌లో విప్పితే జర్నల్ పక్కన గీతలు, చుట్టూ, వరసగా.

అటు వాక్యూమ్ తక్కువైతే బయటికి కారే ఆయిల్‌ని గుడ్డతో తుడిచి వదిలేయడానికి లేదు. కింద ఉన్నది 540 డిగ్రీల దగ్గర ఆవిరి పోయే పైపులు. వాటి మీది ఇన్సులేషన్ లోపలికి ఆయిల్ ఇంకితే, నిప్పు తగలక్కర్లేదు, దానంతట అదే అంటుకుంటుంది. పైకి కనిపించేది ముందు సన్నని పొగే. ఆయిల్ తడిసిన ఇన్సులేషన్‌ని తుడవకూడదు, తీసి కొత్తది వేయాలి.

[తెర మీద: టర్బో కోత బొమ్మ. పైనుంచి సన్నని ఆయిల్ పైపు, కిందికి లావు పైపు.]

ఇప్పుడు టర్బో చూడండి. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. సీల్ అంటే పిస్టన్ రింగ్ లాంటి చిన్న ఉక్కు రింగు, దాని రెండు కొసల మధ్య ఓ గ్యాప్. పై పైపు సన్నం, కింది పైపు లావు. అదే లెక్క. ఆ కింది పైపు వీలైనంత నిటారుగా దిగి, ఇంజిన్ అడుగున ఉండే సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అది నలిగినా, లోపల మాడిన ఆయిల్ పేరుకున్నా, గాస్కెట్ వేసేటప్పుడు పూసిన సిలికాన్ లోపలికి వచ్చి అడ్డుపడినా సీల్ దగ్గర ఆయిల్ నిండుతుంది. ఇంజిన్ పిస్టన్ రింగులు అరిగిపోయి క్రాంక్ కేస్‌లో గ్యాస్ ఒత్తిడి పెరిగితే, డ్రెయిన్‌లో ఆయిల్‌ని అది కింది నుంచి పైకి తోస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే కంప్రెసర్ వైపు వాక్యూమ్ వచ్చి, సీల్ అవతల నుంచి లాగుతుంది. వీటిలో ఒక్కటి కూడా కొత్త టర్బో వేస్తే పోయేది కాదు.

[తెర మీద: విమానం ఎగురుతూ పక్కకి వాలుతున్న యానిమేషన్.]

విమానంలో ఇంకో చిక్కు. "కింద" అనేది ఎప్పుడూ ఒకే వైపు ఉండదు. వాలుతుంది, ముక్కు ఎత్తుతుంది, కుదుపులకి ఆయిల్ కాసేపు తేలుతుంది కూడా. బరువు మీద నమ్మకం పెట్టుకోలేక, బేరింగ్ ఛాంబర్లలోంచి ఆయిల్‌ని తోడటానికి స్కావెంజ్ పంపులు పెడతారు. వచ్చేది సగం నురగ కాబట్టి, ఈ పంపులన్నీ కలిపి ఆయిల్ పంపే పంపు కన్నా చాలా ఎక్కువ తోడగలిగేలా ఉంటాయి. సీలింగ్‌కి బయటి గాలి చాలదు కనుక కంప్రెసర్ నుంచే గాలి తెచ్చి ఆయిల్ గార్డ్ లాంటి లాబ్రింత్ సీల్ పళ్ళ మీద పోస్తారు. లోపలికి వచ్చిన గాలిని తిరిగే సెపరేటర్‌లో ఆయిల్ నుంచి విడగొట్టి బయటికి వదులుతారు.

ముందువైపు బేరింగ్ సీల్ నుంచి ఆయిల్ కంప్రెసర్‌లోకి చేరితే, అదే గాలి చాలా విమానాల్లో క్యాబిన్‌కి వెళ్తుంది. తడి సాక్సు వాసన వస్తోందని సిబ్బంది ఫిర్యాదు చేసేది అందుకే. బోయింగ్ 787లో క్యాబిన్ గాలిని ఇంజిన్ నుంచి తీసుకోరు, విడిగా ఎలక్ట్రిక్ కంప్రెసర్లు ఉంటాయి.

వెనక, టర్బైన్ వైపు సంగతి వేరు. 2010 నవంబరు 4న సింగపూర్ నుంచి సిడ్నీ బయల్దేరిన క్వాంటాస్ ఎ380లో, ఇండోనేషియాలోని బాతామ్ దీవి పైన రెండో నంబరు ఇంజిన్ పేలింది. విమానంలో 469 మంది. బేరింగ్ ఛాంబర్‌కి ఆయిల్ తెచ్చే ఒక చిన్న గొట్టం లోపల రంధ్రాన్ని, తయారీలో మధ్యకి కాకుండా కాస్త పక్కకి తొలిచారు. ఒకవైపు గోడ పలచబడి, పగిలింది. అక్కడ డ్రెయిన్ బాగానే ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఆయిల్ ఛాంబర్ లోపల పడలేదు. ఛాంబర్ చుట్టూ ఉన్న వేడి గాలి ఖాళీలో చిమ్మి అంటుకుంది. ఆ మంటకి టర్బైన్ డిస్క్ షాఫ్ట్ నుంచి ఊడి, పట్టేవాడు లేక వేగం పెరిగి ముక్కలైంది. ముక్కలు రెక్కని చీల్చుకుంటూ పోయాయి. పైలట్లు దాదాపు రెండు గంటల తర్వాత చాంగిలోనే దించారు, ఎవరికీ గాయాలు కాలేదు. తర్వాత రోల్స్ రాయిస్ ఆ గొట్టాలన్నీ కొలిపించి తేడా ఉన్నవి మార్పించింది. ఇలా డిస్క్ వేగం అదుపు తప్పే పరిస్థితి వస్తే ఇంజిన్‌ని దానంతట అదే ఆపేసేలా సాఫ్ట్‌వేర్ కూడా మార్చింది.

[తెర మీద: ఏపీఐ 614 డ్రెయిన్ లెక్క మొత్తం, స్టెప్ బై స్టెప్.]

300 లీటర్ల లెక్క మొత్తం ఇక్కడ ఉంచాను. వీడియో ఆపి, మీ ఫ్లో అంకె వేసి చేసుకోండి. మీ ప్లాంట్ డ్రెయిన్ పైపు ఎన్ని అంగుళాలో, లెక్కకి ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి. సైట్ గ్లాస్ మట్టం కూడా రాస్తే ఇంకా మంచిది.