కరక్కాయకు మద్దతు ధర సరే, కొనేదెవరు?

నమస్తే. "ఆయుర్వేదానికి ప్రభుత్వం కోట్లు ఇస్తోంది కదా, అడవిలో కాయలు ఏరేవాళ్ళకు ఇంకేం తక్కువ?" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ అంగడిలో ఒకాయన కరక్కాయల గోనె మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. అందుకే ఈ వీడియో.

(రెండు కరక్కాయలు కెమెరా ముందుకు)

ఇది పసుపుగా, గట్టిగా ఉంది. నీళ్ళలో వేస్తే మునుగుతుంది. ఇలాంటిది త్రిఫల చూర్ణానికి పోతుంది. రెండోది వానకు తడిసి నల్లబడింది, పురుగు బెజ్జం కూడా ఉంది చూడండి. ఈ తక్కువ రకం కాయ, తోళ్ళను పదును చేసే పనికి పోతుంది. అంగడిలో మాత్రం రెండూ ఒకే గోనెలో, ఒకే ధరకు! వేరు చేసే పని సేటు గోడౌన్‌లో జరుగుతుంది, ఆ లాభమూ అక్కడే మిగులుతుంది.

ఇప్పుడు ఆ కోట్ల సంగతి. ఆయుష్‌కు, అంటే ఆయుర్వేదం లాంటి దేశీ వైద్యాలకు, 2014లో విడిగా మంత్రిత్వ శాఖ వచ్చింది. దాని సొమ్ము ఆసుపత్రులకు, కాలేజీలకు, పరిశోధనకు పోతుంది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000 నుంచి ఉంది. 2015 తర్వాత కొన్నేళ్ళు 140 రకాల మొక్కల సాగుకు 30, 50, 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. మంచిదే. కానీ అది సాగుకు! అడవిలో రాలిన కరక్కాయ ఏరుకునే మాడియా గిరిజన అక్క ఏ సాత్‌బారా (పొలం పట్టా కాగితం) చూపించి సబ్సిడీ అడగాలి?

అడవి సరుకుకు మద్దతు ధర ఇంకో శాఖది, గిరిజన వ్యవహారాలది. 2013-14లో మొదలైంది. 2020లో తిప్పతీగ ధర కిలోకు 21 రూపాయల నుంచి 40 చేశారు. వినడానికి బాగుంది. అయితే కొనాల్సింది రాష్ట్ర సంస్థలు. కరక్కాయ రాలే రోజుల్లో వాళ్ళు తక్కెడ పట్టుకుని ఊరికి రాకపోతే, సేటు చెప్పిందే ధర.

"మరి తునికాకు గ్రామసభలే అమ్ముతున్నాయి కదా?" అంటారు. అవును, మన గడ్చిరోలిలోనే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, ఇక్కడి మెండా లేఖా ఊరు దాని కింద 2009లో అడవి మీద సామూహిక హక్కు సాధించింది. కానీ తునికాకు కొద్ది రోజుల్లోనే ఊరంతా కలిసి కోసేది, కట్టలు లెక్కపెట్టి వేలం వేయొచ్చు. కరక్కాయ ఇంటికి నాలుగు కిలోలు, ఆరు కిలోలు చొప్పున వస్తుంది. ఆ వారం ఉప్పూ నూనె ఖర్చుకు ఆ వారమే అమ్మేస్తారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. పిందె కరక్కాయకు ధర ఎక్కువని పిందెలే దులిపించే వ్యాపారుల మీదే నా కోపమంతా. పిందెలు దులిపేశాక ముదురు కాయ ఎక్కడ దొరుకుతుంది?

టైం అయిపోతోంది, గబగబా చెప్తా. జీవవైవిధ్య చట్టం 2002ది. 2023 సవరణలో సాగు చేసిన ఔషధ మొక్కలకు, వాటిని వాడుకునేవాళ్ళు స్థానికులకు లాభం పంచాలనే షరతు నుంచి మినహాయింపు ఇచ్చారు. అడవి సరుకును సాగు సరుకని చూపిస్తే? సాగు చేసిందేనని ధ్రువపత్రం కావాలంటారు, దాని మీద ఇంకో వీడియో చేస్తా. 2018 నుంచి వన్ ధన్ కేంద్రాలు కూడా ఉన్నాయి, ఎండబెట్టి, రకాలు వేరు చేసి అమ్ముకోవడానికే. మీ ఊళ్ళో గ్రామసభ కరక్కాయను అలా వేరు చేసి అమ్మి ఉంటే, ఏ రకానికి ఎంత పలికిందో నాకు రాసి పంపండి.