తెలిసిన మాటలతోనే తిప్పలు

అందరికీ నమస్కారం.

లా విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పమనగానే మనలో చాలామంది ముందు లాటిన్ మాటల జాబితా రాసుకుంటాం. నేనూ రాసుకున్నాను. రెండేళ్లు అదే చెప్పాక తెలిసింది, పిల్లలకు ఇబ్బంది అక్కడ లేదని. 'హేబియస్ కార్పస్' కొత్తగా కనిపిస్తుంది కాబట్టి డిక్షనరీ తెరుస్తారు. 'కన్సిడరేషన్' తెలిసిందే కదా అని తెరవరు. చిక్కంతా అదే! కాంట్రాక్టులో కన్సిడరేషన్ అంటే ఆలోచించడం కాదు. ఒకరి మాటకు బదులుగా రెండోవారు ఇచ్చేది, లేదా ఇస్తానని ఒప్పుకున్నది. దస్తావేజును ఎగ్జిక్యూట్ చేయడమంటే సంతకాలు పెట్టి పూర్తి చేయడం. ప్రేయర్ అంటే కోర్టును కోరే ఉపశమనం. ఒక కుర్రాడు 'ఇన్‌స్ట్రుమెంట్'కు వాయిద్యం అని రాశాడు. లాలో ఇన్‌స్ట్రుమెంట్ అంటే దస్తావేజు. నవ్వొచ్చింది గానీ, తప్పు నాదే. ఆ మాట నేను చెప్పనేలేదు.

జంటపదాల సంగతీ అంతే. 'గూడ్స్ అండ్ ఛాటెల్స్'లో రెండు మాటలకూ అర్థం చరాస్తులే, ఒకటి ఇంగ్లిష్, రెండోది ఫ్రెంచ్. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కోర్టుల్లోకి ఫ్రెంచ్ వచ్చింది. వాదనలు ఇంగ్లిష్‌లో సాగాలని 1362లో చట్టం చేసినా, రికార్డుల్లో లాటిన్ ఇంకా కొన్ని శతాబ్దాలు నిలిచింది. ఈ కథ పది నిమిషాలు చెబితే చాలు, ప్రతి జంటలోనూ రెండు వేరే అర్థాల కోసం తల బద్దలుకొట్టుకోవడం మానేస్తారు.

వ్యాకరణం అంటే విసుక్కునేవాళ్లకు మాత్రం నేను కామా కథ చెబుతాను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ కేసు. త్వరగా పాడయ్యే ఆహారం విషయంలో కొన్ని పనులకు ఓవర్‌టైమ్ వర్తించదని అక్కడి చట్టం. ఆ వరుస చివర అప్పట్లో 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉండేది. షిప్‌మెంట్ తర్వాత కామా ఉండేది కాదు. అంటే మినహాయింపు ప్యాకింగ్‌కే, మేం ప్యాక్ చేయం, పంపిణీ చేస్తాం అన్నారు ఓవర్‌టైమ్ అడిగిన డెయిరీ డ్రైవర్లు. వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చంటూ 2017లో అప్పీలు కోర్టు వాళ్లవైపే తీర్పిచ్చింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మీ ముందున్న కాగితంలో ఆ వాక్యమే ఉంది. మీరు ఆ డ్రైవర్ల లాయరు అనుకోండి. మన వాదన ఏమిటో క్లయింటుకు నాలుగు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయండి. లాయర్ల మాట ఒక్కటీ పడకూడదు. మా పిల్లలు వారానికోసారి రాసేది ఇలాంటిదే, అదీ టెన్షన్ పడుతూ. పది నిమిషాలు టైమ్. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లను అడగండి.